పాలకుదురు ముందుముద్ద

అనగనగా అనగానే రాజు రావాలి కదా! ఈ కథలో మాత్రం రాజుకన్నా ముందు ఒక ఆవు వస్తుంది. ఆవు వెనకాలే దాన్ని పెంచిన వరదమ్మ వస్తుంది. రాజుగారు ఆనక తీరిగ్గా వస్తారు.

పైన కొండ, కింద ఏరు, మధ్యన పాలకుదురు అనే ఊరు. ఆ ఊళ్లో మనుషులెందరో ఆవులూ అన్నే. తెల్లారగట్ల వీధిలో నడిస్తే ప్రతి దొడ్లోంచీ చెంబులో పాలు పడే చప్పుడే వినిపించేది.

ఆ ఊరివాళ్ళకు ఒక ఆచారం. అన్నం వండగానే ఎవరూ తినరు. మొదటి ముద్ద తీసి, అరిటాకు ముక్కలో మడిచి, వీధి అరుగు మీద పెడతారు. దారినపోయే ఆవు వచ్చి తింటుంది. దాన్ని ముందుముద్ద అంటారు. ముందుముద్ద పెట్టనిదే రాజు అమరభూపతి కూడా బంగారు కంచం ముందు కూర్చోడు. ఆవు అన్నమూ తినేది, ఆకూ తినేది. అరుగు నాకి మరీ పోయేది.

అలా ఉండగా రత్నాకరుడనే వర్తకుడు ఓడ దిగి, బళ్ళు కట్టుకుని పాలకుదురు వచ్చాడు. బళ్ళ నిండా ప్లాస్టిక్ కవర్లు. ఎర్రవి, నీలివి, ఉల్లిపొరలా పల్చటివి. రాజులున్న కాలంలో కవర్లేమిటని అడక్కండి. కవరు చేరని చోటు ఇప్పుడు కథల్లో కూడా లేదు.

"తడవదు, చినగదు, బరువన్నదే లేదు!" అని రత్నాకరుడు అంగడి ముందు నిలబడి కేకలు పెట్టాడు. "నా దగ్గర ఏది కొన్నా కవరు ఊరికే. వాడండి, పారెయ్యండి, మళ్ళీ రండి!"

ఊరు ఊరంతా మురిసిపోయింది. వరదమ్మ పక్కింటి తాయారమ్మకు మొదట తట్టింది ఆ ఆలోచన.

"వదినా, ముందుముద్దకి రోజూ దొడ్లోకి పోయి ఆకు కొయ్యాలి, కడగాలి, తుడవాలి. ఈ కవర్లో వేసి ముడేస్తే ఎంత సుఖం! ఈగ వాలదు, కాకి పొడవదు."

వరదమ్మకు అది ఎంతో బాగా నచ్చింది. ఆవు నోటికి దుమ్ము పడని ముద్ద అందుతుంది కదా అనుకుంది. ఆ రోజు నుంచి ముద్దలో కాస్త బెల్లం కలిపి, కవర్లో పెట్టి, ముడి మీద ముడి వేసి అరుగు మీద ఉంచేది. తాయారమ్మ పూలదండ కట్టినట్టు సుతారంగా వేసేది ముడి. కోటలో రాణిగారు ఎర్ర పట్టుదారంతో కట్టించేవారు. ఎవరి చేతి తీరు వాళ్ళది. చూస్తుండగానే ఊళ్లో ఏ అరుగు మీదా ఆకు లేకుండా పోయింది.

ఆవులు ఎప్పటిలాగే వచ్చాయి. ఎప్పటిలాగే అరుగులు ఖాళీ చేసి పోయాయి.

కొన్నాళ్ళకు ఒక ఆవు నెమరు వేయడం మానేసింది. దాని డొక్క డోలులా ఉబ్బింది. పాలు ఎండిపోయాయి. ఒక పొద్దుట అది లేవలేదు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఏ దొడ్లోంచి ఏడుపు వినిపిస్తుందోనని ఊరంతా చెవులు రిక్కించుకుని బతకసాగింది.

రాజు పెద్దల్ని పిలిచాడు.

"కొండ మీద గడ్డి చెడింది," అన్నారు పెద్దలు. ఆవుల్ని అవతలి కొండకు తోలారు. అక్కడా పడిపోయాయి.

"ఏటి నీళ్ళు చెడ్డాయి," అన్నారు. బావులు తోడి తొట్లు నింపారు. తొట్ల పక్కనే పడిపోయాయి.

ఇక చెప్పడానికి గడ్డి లేదు, నీళ్ళు లేవు. మనిషే మిగిలాడు.

"ఊరి ఆవుల్ని రోజూ కొండకు తోలేదెవరు? బయ్యన్న! వాడే ఏదో మందు పెడుతున్నాడు!" అన్నాడొకడు. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయి పోయి, కోటకు చేరేసరికి నిజమైపోయింది.

రాజు చెడ్డవాడు కాడు. కానీ భయపడి ఉన్నాడు. భయపడ్డ రాజు తొందరపడతాడు. "పొద్దు కొండ చాటుకు దిగేలోగా బయ్యన్న భార్యాబిడ్డలతో సహా ఊరి గవను వాకిలి దాటిపోవాలి. మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టరాదు," అని చాటించాడు.

ఆ రోజే వరదమ్మ ఆవు కూలబడింది.

దాని పేరు చుక్క. నల్లటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి చుక్క. నిండు చూలు. వరదమ్మకు పిల్లలు లేరు, పెనిమిటి పోయాడు. ఇంట్లో పలకరిస్తే తల తిప్పి చూసే ప్రాణం చుక్క ఒక్కటే. పొద్దున లేచి చూస్తే అది పక్కకు ఒరిగి, మెడ చాచి, కష్టంగా ఊపిరి తీస్తోంది. డొక్క ఉబ్బి చర్మం నిగనిగలాడుతోంది. కుడితి పెడితే మూతి తిప్పుకుంది.

మధ్యాహ్నం దాటాక బయ్యన్న మూట నెత్తిన పెట్టుకుని దొడ్డి తడిక దగ్గర నిలబడ్డాడు. వెనక ఇద్దరు భటులు.

"పెద్దమ్మా, పోతున్నా. చుక్కని ఒక్కసారి చూసిపోదామని."

వరదమ్మ లేచి తడిక తీయలేదు.

"నువ్వు కూడా నమ్మావా పెద్దమ్మా? ఈ చుక్క పుట్టినరోజు వానలో తడుస్తుంటే నా గొంగడి తీసి కప్పాను. దానికి నేను మందు పెడతానా?"

వరదమ్మ తల వంచుకుంది. నమ్మలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఊరంతా అంటుంటే సగం నమ్మిన మాట నిజమే.

"నడవరా, పొద్దు వాలుతోంది," అని భటుడు గద్దించాడు. బయ్యన్న చుక్క వైపు చేయెత్తి, దించి, వెళ్ళిపోయాడు.

దొడ్లో మళ్ళీ ఆ ఊపిరి చప్పుడు ఒక్కటే మిగిలింది. వరదమ్మ చుక్క తల ఒళ్ళో పెట్టుకుంది. వైద్యుణ్ణి అడిగారు, పెద్దల్ని అడిగారు, గడ్డిని చూశారు, నీళ్ళను చూశారు. ఊళ్లో ఎవరూ చేయని పని ఒకటి మిగిలి ఉంది. వరదమ్మ ఆ పని చేసింది. ఆవునే అడిగింది.

"ఏమైందే తల్లీ? ఏం తిన్నావే?"

చుక్క కళ్ళు తెరిచింది. నోరు విప్పింది.

"నువ్వు పెట్టిందే తిన్నానమ్మా."

వరదమ్మ దాని మూతి రెండు చేతులా పట్టుకుంది. "నీకు మాట వచ్చునని ఇన్నాళ్ళూ చెప్పలేదేమే!"

"అడిగితేగా," అంది చుక్క. రెండు ఊపిర్లు తీసుకుని మళ్ళీ అంది. "అరుగు మీద మీరు ఆకులో పెడితే ఆకుతో తిన్నాం. ఈ కొత్త తోలులో పెడితే తోలుతో తింటున్నాం. రుచిగా లేదు. మింగితే దిగదు, నెమరు వేద్దామంటే పైకి రాదు. అయినా మీ చేత్తో పెట్టింది వదలకూడదని మా అమ్మ చెప్పింది. నీ ముద్దలో బెల్లం వాసన ఉంటుంది కదా. అందుకే ఎక్కడ తిరిగినా నీ అరుగు దగ్గరికి వచ్చేవాళ్ళం."

వరదమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఈగ వాలకుండా కట్టిన ముడి. దుమ్ము పడకుండా కట్టిన ముడి. ప్రేమగా, గట్టిగా, రోజూ తన చేత్తో కట్టిన ముడి.

లేచింది. కొంగు బిగించింది. గవను వైపు పరుగెత్తింది.

గవను దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. రాజు గుర్రం మీద ఉన్నాడు. బయ్యన్న భార్య చంకలో పిల్లతో ఏడుస్తోంది. కొండ మీద పొద్దు బారెడు మిగిలింది.

"ఆపండి ప్రభూ! బయ్యన్న తప్పేమీ లేదు. చంపుతున్నది మన ముందుముద్ద!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గోల లేచింది.

"ముందుముద్ద చంపుతుందా? పుణ్యం చేసినవాళ్ళు హంతకులా?"

"ఆవు పడిపోయేసరికి ఈమెకు మతి పోయింది!"

తాయారమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. "ఊరుకో వదినా! ఊరందర్నీ కలిపి తిడుతున్నావు. రేపు నీ పెరుగు ఎవరు కొంటారు?"

"ముద్ద మంచిదే వదినా. మనం చుట్టిన కవరు చెడ్డది. ఆవులు కవరుతో సహా తింటున్నాయి. చుక్కే చెప్పింది నాకు."

రత్నాకరుడు పకపకా నవ్వాడు. ఒక కవరు తీసి ఊదాడు. అది జనం తలల మీదుగా తేలుతూ పోయింది.

"చూశారా మహారాజా! గాలికి ఎగిరే వస్తువు ఇది. ఇంత లేదు బరువు. ఇది కొండంత ఆవుని కూలదోస్తుందట! ఆవు చెప్పిందట! రేపు బర్రె వచ్చి సాక్ష్యం చెబుతుంది, దానికో పీట వేయించండి."

జనం నవ్వారు. రాజు నవ్వలేదు. "తల్లీ, నీ మాటకు రుజువేది?" అని అడిగాడు.

వరదమ్మ చుట్టూ చూసింది. జనంలో పశువైద్యుడు కూర్మయ్య కనిపించాడు.

"కూర్మయ్యగారూ, చుక్క కడుపు కోసి లోపలున్నది తీయగలరా?"

కూర్మయ్య గడ్డం నిమురుకున్నాడు. "కోయగలనమ్మా. కానీ నిండు చూలు. తల్లి దక్కుతుందని గానీ, బిడ్డ దక్కుతుందని గానీ మాట ఇవ్వలేను."

"ఏమీ దొరక్కపోతే?" అన్నాడు రత్నాకరుడు కళ్ళు చిట్లించి. "ఉత్తపుణ్యానికి నా సరుకు మీద మచ్చ వేసినదానివి అవుతావు."

"ఏమీ దొరక్కపోతే బయ్యన్న వెనకాలే నేనూ గవను దాటతాను," అంది వరదమ్మ. "దొరికితే?"

రత్నాకరుడు మీసం దువ్వాడు. "దొరికితే నా అంగడి ఎత్తేసి నేను దాటతాను."

"పొద్దు దిగేదాకా బయ్యన్న ఇక్కడే ఉంటాడు," అన్నాడు రాజు. "ఆవుని తీసుకురండి."

చుక్కను బండి మీద ఎక్కించడానికి పదిమంది పట్టాల్సి వచ్చింది. గవను ముందు గడ్డి పరిచి పడుకోబెట్టారు. వరదమ్మ దాని చెవి దగ్గర కూర్చుంది.

"కోయించనా తల్లీ?"

"నా లోపలున్న బిడ్డకు చోటు చాలడం లేదమ్మా," అంది చుక్క, వరదమ్మకు మాత్రమే వినిపించేంత సన్నగా. "కోయించు."

కూర్మయ్య కత్తిని మరిగే నీళ్ళలో ముంచాడు. డొక్క మీద తిమ్మిరి పసరు రాశాడు. కోశాడు. పిల్లలు తల్లుల కొంగుల్లో మొహం దాచుకున్నారు.

కూర్మయ్య చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. బయటికి వచ్చింది. పిడికిట్లో గడ్డి.

"గడ్డి!" అని అరిచాడు రత్నాకరుడు. "ఆవు కడుపులో గడ్డి దొరికిందహో!"

చెయ్యి మళ్ళీ పోయింది. మోచేతి దాకా పోయింది. బయటికి వచ్చింది. మళ్ళీ గడ్డే. ఈసారి దుర్వాసన కూడా వచ్చింది. జనం ముక్కులు మూసుకున్నారు. పొద్దు కొండ అంచుకు తగిలింది. భటుడు బయ్యన్న భుజం మీద చెయ్యి వేశాడు. చుక్క కనుగుడ్డు పైకి తిరిగిపోతోంది.

"ఇక కుట్టేయండి కూర్మయ్యగారూ, ప్రాణమైనా దక్కనివ్వండి," అంది తాయారమ్మ ఏడుపు గొంతుతో.

"ఒక్కసారి," అంది వరదమ్మ. "ఇంకొక్కసారి చూడండి అయ్యా."

చెయ్యి భుజం దాకా పోయింది. కూర్మయ్య మొహం మారింది. లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. సన్నటి నీలి కొస ఒకటి బయటికి వచ్చింది. దాని వెనక ఎర్రది, దాని వెనక తెల్లది. ఒకదానికొకటి పెనవేసుకుని మోకులా వస్తూనే ఉన్నాయి. ఆఖరికి చాకలిమూటంత ముద్ద దబ్బున గడ్డి మీద పడింది.



కవర్లన్నీ ముడి వేసినవి వేసినట్టే ఉన్నాయి. కూర్మయ్య ఒకదాన్ని కత్తితో చీల్చాడు. లోపల నల్లగా కుళ్ళిన అన్నం ముద్ద. ఆవుకు అందని ముందుముద్ద.

తాయారమ్మ ముందుకు వచ్చి వంగి చూసింది. "ఈ ముడి నాది," అంది.

ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఎవరి ముడి వాళ్ళు గుర్తుపట్టారు. రాజు గుర్రం దిగి వచ్చాడు. కుప్పలో ఎర్ర పట్టుదారం కనిపించింది. రాజు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

అన్నిటికన్నా ఎక్కువ ఉన్నవి ముడి మీద ముడి వేసినవి. వరదమ్మ వాటిని ఎవరికీ చూపించనక్కర్లేకపోయింది. తనే అంది. "బెల్లం పెట్టి మరీ పిలిచింది నేనే."

బయ్యన్న మూట కింద పడేసి, పోయి చుక్క తల పట్టుకున్నాడు. కూర్మయ్య కుట్లు వేస్తున్నంతసేపూ వదల్లేదు. వాళ్ళ వెనక పొద్దు దిగిపోయింది. ఎవరూ చూడలేదు.

"ఈ క్షణం నుంచి కవరు పట్టినవాడికి కొరడా దెబ్బలు!" అన్నాడు రాజు. కోపం ఎవరి మీదో ఆయనకే తెలియదు.

"వద్దు ప్రభూ," అంది వరదమ్మ. "కొరడాకు భయపడ్డవాళ్ళు చాటుగా పారేస్తారు. చాటున కూడా ఆవులు తిరుగుతాయి. కట్టిన చేతులు మావి, విప్పే పని మాకు వదిలెయ్యండి. మీరు చేయవలసింది వేరే ఉంది." అని బయ్యన్న వైపు చూసింది.

రాజు బయ్యన్న ముందు నిలబడి, ఊరందరూ వినేటట్టు, "నన్ను మన్నించు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ప్రతి వీధిలోంచీ జనం గోనెలు పట్టుకుని బయల్దేరారు. అరుగుల కింద, కంచెల్లో, ఏటి ఒడ్డున, కొండ దారిలో దొరికిన కవరల్లా ఏరారు. ఆడవాళ్ళు పాత చీరలు చింపి సంచులు కుట్టారు. అంగడివాళ్ళు ఉప్పూ పప్పూ ఆకుల్లో పొట్లం కట్టారు. నూనెకు గిన్నె ఇంటి నుంచి తెచ్చుకోవాల్సిందే.

అదేమీ సులువుగా జరగలేదు. తాయారమ్మే ఒక రోజు సంచి మరిచిపోయి అంగడికి వచ్చింది.

"ఈ ఒక్కసారికీ కవర్లో వెయ్యవయ్యా, వంకాయలేగా!"

"వంకాయలు కొంగులో పోసుకో వదినా," అంది వెనక నుంచి వరదమ్మ.

"కొత్త చీరే వదినా!"

"కొత్త చీరైతే చేతికొకటి చొప్పున పట్టుకుపో. పది మార్లు తిరుగు. కాళ్ళకు మంచిది."

అంగడంతా నవ్వింది. తాయారమ్మ మూతి తిప్పింది గానీ వంకాయలు కొంగులోనే పోసుకుంది. మళ్ళీ ఎప్పుడూ సంచి మరవలేదు.

రత్నాకరుడు అన్నమాట ప్రకారం అంగడి ఎత్తేసి, ఖాళీ బళ్ళతో తేలిగ్గా పోదామనుకున్నాడు. గవను దగ్గర జనం అడ్డం నిలబడ్డారు. ఏరిన గోనెలన్నీ తెచ్చి బళ్ళకెత్తారు.

"ఏమిటిది? నేను మోయలేను! ఎడ్లు లాగలేవు!"

"బరువన్నదే లేదన్నావుగా," అన్నాడు బయ్యన్న. "పట్టుకుపో."

ఇరుసులు కిర్రుమంటుండగా బళ్ళు కదిలాయి. ఈసారి ఎవరూ గట్టిగా నవ్వలేదు. అవతలి ఊళ్ళో కూడా ఆవులుంటాయని బయ్యన్నకు గుర్తొచ్చింది. నలుగురిని వెంటేసుకుని, ఆ బళ్ళకన్నా ముందే కబురు చేరేలా అడ్డదారిన బయల్దేరాడు.

చుక్క సంగతి అడుగుతారు కదూ.

చుక్క చాలా రోజులు చావుకూ బతుక్కూ మధ్య ఊగింది. వరదమ్మ దాని పక్కనే చాప వేసుకుంది. ఒక వేకువన దొడ్లో చిన్న గిట్టల చప్పుడు వినిపించింది. దూడ సన్నగా, వణుకుతూ లేచింది. మూడుసార్లు పడి నాలుగోసారి నిలబడింది. తల్లి దాన్ని నాకింది.

వరదమ్మ ఆనందంతో అన్నం వండి, మొదటి ముద్ద అరిటాకులో పెట్టి చుక్క ముందుకు తెచ్చింది.

చుక్క నోరు తెరవలేదు. ఆకు వైపు చూసింది. వరదమ్మ చేతి వైపు చూసింది. దూడను వెనక్కి జరిపి, అడ్డం నిలబడింది. పాలకుదురు పుట్టినప్పటి నుంచీ ఏ ఆవూ అడగని మాట అప్పుడు అడిగింది.

"ఇదంతా తినేదేనా అమ్మా?"

వరదమ్మ కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. ఆకు విప్పింది. అన్నం కాస్త తీసి తను తింది. ఆకు చివర తుంచి అది కూడా నమిలి మింగింది. వగరుగా ఉంది. చుక్క ఆమె గొంతులోంచి అది దిగేదాకా చూసింది. అప్పుడు తల వంచి ముద్ద అందుకుంది.

అది మొదలు పాలకుదురులో ఎవరూ ముద్దను అరుగు మీద వదిలేసి లోపలికి పోరు. ఆవు వచ్చేదాకా ఆగి, ఆకు విప్పి చూపించి, "అంతా తినేదే తల్లీ," అని చెప్పి, తినేదాకా నిలబడి చూస్తారు. పనులు కాస్త ఆలస్యమవుతాయి. పాలు మాత్రం కుండల నిండా వస్తాయి.

కాబట్టి పిల్లలూ, ప్రేమతో పెడితేనే చాలదు. పెట్టింది ఎవరి కడుపులో ఏమవుతుందో వాళ్ళనే అడిగి, కనిపెట్టి చూసుకున్నప్పుడే అది మేలు అవుతుంది.